బొమ్మల దండును దాఁచుట, తరలించుట

సంక్రాంతికిఁ బది దినములు ముందుగా మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోఁ బెక్కిండ్ల అటకలమీఁదినుండి బొమ్మలకొలువు పెట్టెలు క్రిందికి దిగును. అంతకు ముందే, డిసెంబరు నెలలో, క్రైస్తవ గృహములందును బ్రార్థనాలయములందును బశువులతొట్టి బొమ్మలు దిగును. సెలవులు వచ్చినతోడనే బాలురు తమ బొమ్మ సైనికులను బల్లపై బారులు తీర్చి యుద్ధ మారంభింతురు. ఈ మూఁడు వేడుకలును వేఱువేఱైనను మూఁటికిని సంభవించు విచార మొక్కటియే. పెట్టె మూఁత తీయునప్పటికి గొల్లవాని చేతికఱ్ఱ విఱిగియుండును. అంబారి యేనుఁగు తొండ మూడి మూలఁ బడియుండును. సైనికుని యీటె యేదో, జెండాకఱ్ఱ యేదో తెలియకుండ ముక్కలు కలసిపోయి యుండును. "దీని నెవరు పడవేసిరి?" అని పెద్దలు పిల్లల నడుగుదురు. పిల్లలు మేము కాదందురు. పిల్లల మాటయే తఱచుగా నిజము. ఆ బొమ్మ నెవరును బడవేయలేదు. దానిని విఱిచినది పెట్టెయే.

పెట్టె యెట్లు విఱుచునో తెలిసికొనుటకు, శ్రీకాకుళమునుండి విశాఖపట్టణమునకు బస్సులో నిలుచుండి ప్రయాణము చేసినవారికి వేఱు పాఠ మక్కఱలేదు. బస్సు హఠాత్తుగా నాగినప్పుడు బస్సు మాత్రమే యాగును. మనము ఆగము, ముందున్నవారి వీఁపుపైఁ బడుదుము. భౌతికశాస్త్రమున జడత్వ మని చదువుకొను ధర్మ మిదియే. పెట్టెలోని బొమ్మయు నట్టి ప్రయాణికుఁడే. బండి కుదిపిన ప్రతిసారియు నది యెదుటి గోడకో ప్రక్క బొమ్మకో తగులును. ఒక్క దెబ్బ స్వల్పమే. గతుకుల దారిలో గంటసేపు పోయినచో నట్టి దెబ్బలు లెక్కకు మించి తగులును. అవి యన్నియు బొమ్మలో బయటికిఁ బొడుచుకొని వచ్చిన సన్నని భాగములమీఁదనే, అనఁగా ఈటె, కత్తి, కొమ్ము, చేతివ్రేలు మొదలైనవానిమీఁదనే పడును. లావైన దేహమున కేమియుఁ గాదు.

ఇందుండి మొదటి నియమము తనంతఁదానే తేలుచున్నది. బొమ్మ పెట్టెలోఁ గదలరాదు. కదలకుండఁ బట్టవలసినది దాని లావైన భాగమును గాని సన్నని భాగమును గాదు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో వీణలు చేయు కుటుంబములవారు పెద్ద వీణలతోపాటు కానుకల కిచ్చు చిన్న వీణలనుగూడఁ జేయుదురు. ఆ చిన్న వీణ నొకదానిని జేతఁ బట్టి చూడుఁడు. ఒకవైపు కుండ లావు, అక్కడనుండి దండి సన్నముగా సాగిపోవును. దానిని బెట్టెలోఁ బెట్టి రెండు కొనలకు మాత్రమే దూది యానించినచో నడుమనున్న భాగము గాలిలో వ్రేలాడును; కుదుపంతయు మెడయొద్దఁ జేరును. కుండ క్రిందను దండి పొడవునను మెత్తని యాధార మున్నచో నెంత దూరమైనను బోవచ్చును. ఈటె పట్టిన రెండంగుళముల సైనికునకును నిదియే న్యాయము. నడుమును బాదములను మెత్తగాఁ బట్టవలెను. ఈటె చుట్టును ఖాళీ యుండవలెను. మనవారు సాధారణముగా దీనికి విరుద్ధముగాఁ జేయుదురు. ఈటె సన్నముగా నున్నదని భయపడి దానికే దూది దట్టముగాఁ జుట్టుదురు. విప్పునప్పుడు దూదిపోఁగు ఈటెమొనకుఁ దగులుకొని, ప్రయాణమున విఱుగనిది చేతిలో విఱుగును. దూది వాడఁదలఁచినవారు మొదట నుతికిన మెత్తని పాత పంచెగుడ్డను జుట్టి, దానిపై దూదిని బెట్టవలెను.

బల్లపై సేనల నడుపు నాట మన దేశమునఁ జాలఁ బ్రాఁతది. చతురంగ మను పేరే ఏనుఁగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేనను దెలుపును. అట్టి యాటకుఁ బావులను దాఁచుకొను పెట్టెయు వెంటనే కావలసివచ్చును గదా. 18వ శతాబ్దమున విశాఖపట్టణపు దంతపు పనివారు ఐరోపావారికొఱకుఁ జేసిన పెట్టెలు లోకమున మిక్కిలి పేరుగాంచినవి. వారు చేసిన చదరంగపు పలకలలో మడిచినచోఁ దామే పెట్టెలై పావులను లోన నిముడ్చుకొనునవి గలవు. నేఁడు ఏనుఁగుదంతపు వ్యాపారము నిషిద్ధము గనుక వానిని వస్తుప్రదర్శనశాలలలోఁ జూచి యానందింపవలసినదే.

ఐరోపాఖండమున యుద్ధపుటాట పెరిగిన కథలోఁగూడఁ బెట్టె ముఖ్యపాత్రమే. ప్రష్యా దేశమున గేయోర్గ్ లెయొపోల్డ్ ఫాన్ రైస్విట్జ్ అను నతఁడు 1812వ సంవత్సరమునఁ దమ రాజైన మూఁడవ ఫ్రెడరిక్ విలియమునకు ఒక యుద్ధపుటాటను సమర్పించెను. అది యొక పెద్ద బల్ల. దాని సొరుగులలో కొండలు, నదులు, గ్రామములు చిత్రించిన పలకలును, సేనలను దెలుపు పింగాణి ముక్కలును, ప్రతిదానికి నొక చోటు చొప్పున నమర్పఁబడియుండెను. ఆట ముగిసినతోడనే ప్రతి ముక్కయుఁ దన యింటికిఁ దాను బోవలసినదే. ఆ బల్ల నేఁటికిని బెర్లినులో భద్రముగా నున్నది. దాఁచుటకు నింతకంటె మంచి యేర్పా టుండదు. మోసికొనిపోవుటకు మాత్రము నింతకంటె నసాధ్యమైన దుండదు. 1824వ సంవత్సరమున ఆతని కుమారుఁడు బల్లను మానివేసి, 1:8000 కొలతగల పటమును, చిన్న లోహపు ముక్కలను బెట్టి యాటను సవరించెను. ఒక పెట్టెలో నన్నియు నిమిడినవి. అటుపిమ్మట నది ప్రష్యా సైన్యమంతటను వ్యాపించెను. ఆ వ్యాప్తికి నియమముల గొప్పతన మెంత కారణమో పెట్టె చిన్న దగుటయు నంతే కారణ మని మాకుఁ దోఁచుచున్నది.

బాలుర చేతికి బొమ్మ సైనికులు విరివిగా వచ్చినది మాత్రము 1893 తరువాత. ఆ సంవత్సరమున లండనులోని బ్రిటన్ కుటుంబమువారు సీసమును లోన గుల్లగాఁ బోఁతపోయు పద్ధతిని గనిపెట్టిరి. దానిచే సీసము తక్కువ పట్టెను, బరువు తగ్గెను, వెల తగ్గెను. హెచ్. జి. వెల్స్ అను ప్రసిద్ధ రచయిత 1913లోఁ బ్రకటించిన 'లిటిల్ వార్స్' అను చిన్న పుస్తక మిట్టి సైనికులతో నాడు నాటకు నియమములు చెప్పును. మిషను పాఠశాలలో యుద్ధపు బొమ్మలా యని ప్రశ్నించు పెద్దలు గలరు. వారి సందేహము గౌరవింపఁదగినదే. అయితే వెల్సుగారు ఆ పుస్తకమునఁ జెప్పినదియు నిదియే: నిజమైన యుద్ధముకంటె బొమ్మల యుద్ధ మెంతయో మేలు, ఇందుఁ బ్రాణము పోదు, ఊరు కాలదు. ఆ మఱుసటి సంవత్సరమే ఐరోపాలో నిజమైన మహాయుద్ధ మారంభమగుట చరిత్రలోని క్రూరమైన పరిహాసము. మన ప్రాంతమున బాలురు బల్లపై నిలుపఁదగిన యుద్ధ మొకటి గలదు. 1757 జనవరి 24వ తేదిని జరిగిన బొబ్బిలి యుద్ధమును, బుస్సీ ఫిరంగులును, రంగారావుగారి కోటయు, తాండ్ర పాపారాయని సాహసమును, బల్లపై మట్టికోటతోఁ జూపినచో ఒక్కగంటలో బోధపడును. ఇట్టి పనికిఁ గావలసిన బొమ్మలు సుమారు నూఱు. వానిని జేయుట యెంత కష్టమో, ఒక యేఁటినుండి మఱియొక యేఁటికి నిలుపుట అంతకంటెఁ గష్టము.

నిలుపుట యనునప్పుడు కుదుపుకంటె మెల్లగాఁ జంపు శత్రువులఁ జెప్పవలెను. అవి బొమ్మ దేనితోఁ జేయఁబడినదో దానినిబట్టి మారును. అన్ని బొమ్మలకు నొకే పెట్టె, ఒకే మందు పనికిరాదని యెఱిఁగినచో సగము నష్టము తప్పును.

కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతోఁ జేయఁబడును. ఆ కఱ్ఱ దూదివలెఁ దేలిక. చేతులు, తలలు వేఱువేఱుగాఁ జెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును గలిపిన మక్కుతో నతికించి, సున్నము పూసి, రంగులు వేయుదురు. ఈ వివరము దెలిసినచో దానిని గాపాడు మార్గమును దెలియును. అది విఱుగునది అతికించినచోట. కావున ఎత్తునప్పుడు చేతిని బట్టక, పీటను గాని నడుమును గాని పట్టవలెను. మక్కునందు పిండి గలదు గనుక బురుగులకు నది యాహారము. చెమ్మకు సున్నపుఁబూఁత ఉబ్బి రంగుతోఁగూడ పెచ్చులుగా లేచును. తడిగుడ్డతోఁ దుడువరాదు, మెత్తని పొడి కుంచెతో ధూళి దులుపవలెను.

మనకు దగ్గఱిది ఏటికొప్పాక. వరాహనది యొడ్డునున్న ఆ గ్రామము పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022నుండి అనకాపల్లి జిల్లాలోనిది. అక్కడ అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి, తిరుగుచున్న బొమ్మకు లక్కను ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరఁగి కఱ్ఱకు నంటుకొని నిగనిగలాడును. దాని యందమునకుఁ గారణమైన ధర్మమే దాని బలహీనతయు. వేడికిఁ గరఁగి యంటినది మరల వేడి తగిలినచో మెత్తఁబడదా? 40, 50 డిగ్రీల సెల్సియసు వేడికే లక్క మెత్తఁబడ నారంభించును. మే నెలలో రేకులయింటి యటకయు, ఎండలో నిలిపి తలుపులు మూసిన కారును సులభముగా నా వేడిని జేరును. అట్టిచోట నొకదానినొకటి తాఁకుచున్న లక్కబొమ్మలు అతుకుకొనిపోవును. వార్తాపత్రికలోఁ జుట్టినచోఁ గాగితమును అచ్చుసిరాయు వానిపై నచ్చుపడును. లక్క సారాయములోఁ గరఁగును. చేతులు శుభ్రపఱచుకొను శానిటైజరులో నున్నదియు సారాయమే. కరోనా దినములలో బొమ్మలనుగూడ దానితోఁ దుడిచి మెఱుఁగు పోఁగొట్టుకొన్నవారిని మే మెఱుఁగుదుము. ఏటికొప్పాక బొమ్మకుఁ జల్లని చోటు, తెల్లని నూలుగుడ్డ, బొమ్మకును బొమ్మకును నడుమ నెడము, ఇవి చాలును.

కాల్చిన మట్టిబొమ్మ చెమ్మకు లొంగదు, దెబ్బకు లొంగును. కాల్చని మట్టిబొమ్మయు, కాగితపు గుజ్జు బొమ్మయు రెంటికిని లొంగును. బూడితి కంచు, ఇత్తడి బొమ్మలు వన్నె తగ్గుట తప్ప వేఱు బాధ పడవు. చింతపండుతోఁ దోమినచో వన్నె తిరిగివచ్చును గాని, రంగు వేసిన లోహపు బొమ్మను మాత్రము చింతపండుతోఁ దోమరాదు.

సీసపు బొమ్మల రోగము విచిత్రమైనది. తాతలనాఁటి సీసపు సైనికులు కొన్ని యిండ్లలో నింకను గలరు. వారిని బ్రేమతో మంచి కొయ్యపెట్టెలోఁ బెట్టి పది యేండ్లు తెఱవకుండినచో, తెఱచునప్పటికి వారిపై బూజువంటి తెల్లని పొడి గనఁబడవచ్చును. అది బూజు గాదు. కొయ్యనుండి, ముఖ్యముగా ఓకు మొదలైన కొయ్యలనుండి, పుల్లని యామ్లపు టావిరులు వెలువడును. అవి సీసమును దినివేయఁగా నా పొడి యేర్పడును. పచ్చి కఱ్ఱయు, చౌక యట్టయుఁగూడ నట్టి యావిరులను విడుచును. కావున సీసపు బొమ్మకుఁ గొయ్యపెట్టె శత్రువు. గాలి తగులు గాజుబీరువాయో, పాలిథీను డబ్బాయో మేలు. ఆ తెల్లపొడి విషము. దాని నూఁదరాదు, పిల్లలచేఁ దుడిపింపరాదు. రోగము పట్టిన బొమ్మను వేఱుచేసి, ముట్టుకొన్నవారు చేతులు సబ్బుతోఁ గడుగుకొనవలెను. చిన్నపిల్లల చేతికి సీసపు బొమ్మను, రోగము లేనిదైనను, ఈయరాదు.

నేఁటి యాటగాండ్రు 28 మిల్లీమీటర్ల యెత్తు సైనికులను బ్లాస్టిక్కుతోను, రెసినుతోను, తగరపు మిశ్రలోహముతోను జేసినవి కొని రంగులు వేయుచున్నారు. ఒక్కొక్క సైనికునకు గంటలకొలఁది పని. వీరికి మేము చెప్పవలసిన దొకటి గలదు. బట్టల నడుమ వేయు కలరా ఉండలను బురుగుల భయమున నీ పెట్టెలలో వేయుదురు. నాఫ్తలీను ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను, రంగులను మెత్తపఱచి జిగటగాఁ జేయును. ప్లాస్టిక్కును బురుగులు తినవు గదా, ఆ యుండ లేల? పిల్లలు మిఠాయి యని మ్రింగిన ప్రమాదమును గలదు. కఱ్ఱబొమ్మల పెట్టెలలో నైనను మన పెద్దలు తాళపత్రములనడుమ నుంచిన వసకొమ్మును, బాగుగ నెండిన వేపాకును గుడ్డలోఁ గట్టి యొకమూల నుంచుట మేలు. అంతకంటె మేలు మూఁడు నెలలకొకసారి పెట్టె తెఱచి చూచుట. కఱ్ఱబొమ్మ క్రింద పిండివంటి సన్నని పొడి రాలియున్నచోఁ బురుగు లోన నున్న దన్నమాట. దానిని వెంటనే వేఱు సంచిలోఁ గట్టి, మిగిలినవానికి దూరముగా నుంచవలెను.

ఇఁక పెట్టె సంగతి. వెల పెట్టి కొన్నదే మంచిపెట్టె యనుకొనరాదు. గ్రుడ్ల దుకాణములో ముప్పది గుంటల యట్టపళ్లెము దొరకును. చిన్న కఱ్ఱబొమ్మలను జేతిలోఁ దీసికొని ప్రక్కయూరికిఁ బోవుటకు దానిని మించిన దానిని మేము చూడలేదు. పళ్లెముపై పళ్లెము బోర్లించి దారము కట్టవలెను. అరలు గల మిఠాయి పెట్టెయుఁ బనికివచ్చును. నేతిజిడ్డు లేకుండఁ దుడిచి, ఎండఁబెట్టి వాడవలెను, లేనిచోఁ జీమలదండు బొమ్మలదండును ముట్టడించును. వరిగడ్డి మన పూర్వులు కుండలకును మామిడిపండ్లకును వాడినది. బండిలో నొక్కరోజు ప్రయాణమున కది మంచిదే. ఏఁడాదిపొడుగునను దాఁచుటకుఁ బనికిరాదు; చెమ్మ నట్టిపెట్టి పురుగును బిలుచును.

స్పంజి పఱుపులలో బొమ్మ యాకారమునకుఁ దగిన గుంటలు కోసి యమర్చుట నేఁడు విరివిగా వాడుక. ప్రయాణమున కిది శ్రేష్ఠము. కాని కొనువారు తెలిసికొనవలసినది, స్పంజియు ముదుసలి యగును. కుర్చీలలో వేయు పాలియురితేను స్పంజి మన తీరపు చెమ్మగాలిలోఁ గొన్ని యేండ్లకుఁ బసుపుబాఱి, జిగటయై, పొడిగా రాలును. ఆ జిగట రంగుల కంటుకొనును. పాలిథీను నురుగుపలక యట్లు చెడదు. మొదటిరకమే యున్నవారు దానిపై నూలుగుడ్డ పఱచి బొమ్మను బెట్టి, మూఁడు నాలుగేండ్లకు మార్చుచుండవలెను.

ఇంకొక పద్ధతి గలదు. సైనికుని పాదముక్రింది పీటకు చిన్న యయస్కాంత మతికించి, పెట్టె యడుగున నినుపరేకు పఱచుదురు. సైనికుఁడు రేకున కంటుకొని నిలుచును. ఈటెను జుట్టు నేదియుఁ దాఁకదు. మేము మొదట జెప్పిన నియమమున కిది యచ్చముగా సరిపోవును గావున మాకుఁ జాల నచ్చిన పద్ధతి యిదియే. భీమునిపట్టణము, కళింగపట్టణము వంటి సముద్రతీరపు టూళ్లలో ఉప్పుగాలికి రేకు త్రుప్పుపట్టును గనుక దానికి రంగు వేయవలెను. తలిదండ్రులు మాత్ర మీ మాటను మనసునఁ బెట్టుకొనవలెను: ఆ చిన్న యయస్కాంతములు మిక్కిలి బలమైనవి. పసిబిడ్డ రెంటిని మ్రింగినచో అవి కడుపులోఁ బ్రేగుల కిరుప్రక్కల నొకదానినొకటి లాగికొని ప్రేగులకు రంధ్రము చేయఁగలవు. అట్లు మ్రింగినట్లు సందేహము గలిగినను నాలస్యము చేయక ఆసుపత్రికిఁ దీసికొనిపోవలెను. ఇంట మూఁడు నాలుగేండ్ల పిల్ల లున్నచో నీ పద్ధతిని మానుట యుత్తమము.

పెట్టె నెక్కడ నుంచవలెను? అటక మన యలవాటు. అటక వేసవిలోఁ బొయ్యి. నేల వానలో మడుగు. లోపలిగోడ ప్రక్క, ఛాతి యెత్తున, గోడకు రెండంగుళముల యెడముతో నున్న అలమర యన్నిటికంటె మేలు. వెలుపలిగోడ వానకాలమునఁ జెమ్మ పీల్చి పెట్టె కిచ్చును. పెట్టెలో సిలికా జెల్ పొట్లమును వేయుట మంచిదే. అది చెమ్మతో నిండిన పిమ్మట మరల నెండఁబెట్టకున్నచో వేసియు వేయనట్లే.

మన జిల్లాలలో నీ ప్రశ్నకు తుపాను మఱింత బరువు గలిగించుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముకడ తీరము దాఁటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమునఁ దీరము దాఁటి శ్రీకాకుళము జిల్లాలోని కొబ్బరి, జీడి తోటలను గూల్చినది. ఇండ్లకప్పులు లేచిపోవుచుండఁగా బొమ్మల విషయ మెవరు తలఁతురు? తలఁపవలసినదియుఁ గాదు. అందుచేతనే ముందుగాఁ జేయవలెను. అక్టోబరు నెల రాకమునుపే బొమ్మలను రబ్బరు అంచు మూఁతగల ప్లాస్టిక్కు పెట్టెలోఁ జేర్చి, నేలకు నాలుగడుగుల యెత్తున, కిటికీకి దూరముగా నుంచినచోఁ దుపానునాఁడు దానిని ముట్టుకొనవలసిన పనియుండదు. నాయనమ్మ పుట్టింటినుండి తెచ్చిన కాల్చని మట్టిబొమ్మ యొక్కసారి నీట మునిఁగినచో మట్టియే మిగులును. కఱ్ఱబొమ్మ తడిసినచో నెండలోఁ బెట్టరాదు. నీడలో, గాలి తగులుచోట, మెల్లగా నాఱనీయవలెను. త్వరగా నాఱిన కఱ్ఱ బీటలువాఱును.

ప్రయాణమునకుఁ బెట్టెలో పెట్టె యుండవలెను. బొమ్మలు గల చిన్నపెట్టెను బెద్దపెట్టెలోఁ బెట్టి, అన్ని వైపులను రెండంగుళముల మెత్తని పదార్థము నింపవలెను. వెలుపలిపెట్టె దెబ్బను దినును. నడుమనున్న మెత్తదనము దానిని మెల్లపఱచును. లోపలిపెట్టె బొమ్మను నిలుపును. మూఁత వేసినపిదప పెట్టెను జెవియొద్దఁ బెట్టికొని మెల్లగా నటునిటు వంచుఁడు. టక్కుమను శబ్ద మొక్కటి వినఁబడినను మరల విప్పి సర్దవలసినదే. ఈ పరీక్షకు రెండు నిముషములు పట్టును. బరువైన లోహపు బొమ్మలు అడుగునను, తేలికైన కఱ్ఱబొమ్మలు పైనను నుండవలెను. ఇది యెల్లరు నెఱిఁగినదే యైనను, తొందరలో నెల్లరు మఱచునదియు నిదియే.

బస్సులోఁ బెట్టెను సామానుల గదిలో వేయింపక ఒడిలో నుంచుకొనుఁడు. వెనుకచక్రముల వెనుక సీట్లలోఁ గుదుపు మెండు. నడుమ సీట్లలోఁ దక్కువ. రైలులో పై బెర్తుమీఁదనుండి పడుట సుళువు గావున సీటుక్రింద, కాలికి దగులని మూల మేలు. శీతలపు పెట్టెలో ప్రయాణము చేసి విజయనగరములోనో శ్రీకాకుళం రోడ్డులోనో దిగినవారు ఇల్లు చేరినతోడనే మూఁత తీయరాదు. చల్లని నీళ్లలోటా వెలుపలివైపునఁ జెమట పట్టినట్లు, చల్లబడిన బొమ్మలపై మన చెమ్మగాలి నీరై నిలుచును. సున్నపు రంగుల కది చాల చెఱుపు. మూఁడు నాలుగు గంటలు మూసియుంచి, పెట్టె గది వేడిమికి వచ్చినపిదపఁ దెఱవవలెను. సైకిలుపై తీసికొనిపోవు బాలురకు మా సలహా: వెనుకపీటపైఁ గట్టక వీఁపుసంచిలో వేసికొనుఁడు. మనిషి మోకాళ్లును నడుమును చేయు మెత్తని స్ప్రింగుపని ఏ సైకిలుపీటయుఁ జేయదు.

కొందఱు సర్దువిద్య యంతయు నేర్చియు, విప్పునప్పుడు తొందరపడుదురు. పండుగ యిల్లు, చుట్టములు, పిల్లల కేకలు. పెట్టెను బోర్లించి కుమ్మరింతురు. సర్దినవరుసకు విలోమముగా, ఒక్కొక్కటిగా, పీటను బట్టి తీయవలెను. చుట్టిన గుడ్డలను వెంటనే దులిపి పాఱవేయరాదు. విఱిగిన వ్రేలు, రాలిన కిరీటపుఁ గొన అందులోనే యుండును. దొరికిన ముక్కను చిన్న కాగితపు పొట్లములోఁ గట్టి, ఏ బొమ్మదో పైన వ్రాసి, ఆ బొమ్మ యరలోనే యుంచినచో ఎప్పటికైన నతికించుకొనవచ్చును. ముక్క పోయినబొమ్మకు మాత్రము క్రొత్తముక్కఁ జెక్కువారు దొరకుట నానాఁటికిఁ గష్టమగుచున్నది.

పెట్టెమూఁత లోపలివైపున నొక కాగిత మంటించి, ఏ యరలో నే బొమ్మ యున్నదో వ్రాయుట మంచి యలవాటు. బొమ్మ పేరు, దేనితోఁ జేసినది, ఎవరిచ్చినది, ఏ యేఁడు కొన్నది, ఎక్కడ నతుకు గలదు అను నైదు సంగతులు చాలును. పిల్లలచేత వ్రాయించినచో వారికి బొమ్మల పేర్లును దెలియును, ఏది యెక్కడ మెత్తనో నదియుఁ దెలియును. బొమ్మలు తీసినరోజునను, మరల లోనఁ బెట్టినరోజునను ఆ పట్టికతో సరిచూచి, తేదిని ప్రక్కన వేయవలెను.